వెలగని టీవీ, వోల్టేజి లేని ఊరు

పిక్చర్ ట్యూబు టీవీలు ఇళ్లలో ఉన్నంత కాలం, అంటే ఇంచుమించు 1980ల నడిమి నుంచి 2010ల తొలి ఏళ్ల దాకా, అప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చిన్న పట్టణాల్లో టీవీ మెకానిక్‌కు ఒక ప్రత్యేక స్థానం ఉండేది. ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి, పలాస, పాలకొండ, రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వంటి ఊళ్లలో బస్సులు ఆగే చోటికి దగ్గరలోనో, సంత జరిగే వీధి మొగలోనో కనిపించే ఆ దుకాణాల్లో చాలామట్టుకు నేడు మూతపడ్డాయి, లేదా సెల్‌ఫోన్ల కొట్లుగా మారిపోయాయి. కొత్త రకం టీవీలు వచ్చాయి కనుక పాత మెకానిక్కులు పోయారన్నది ఈ మార్పుకు అందరూ చెప్పే కారణం. ఈ రెండు జిల్లాల మటుకు ఆ కారణం సగమే సరిపోతుంది. ఇక్కడి టీవీలను వాటి వయసు కన్నా వాటికి అందిన కరెంటే ఎక్కువగా పాడుచేసింది. మెకానిక్ ఇంట పొయ్యి వెలిగించినదీ ఆ కరెంటే.

టీవీ ఈ ప్రాంతానికి ఆలస్యంగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పటికీ, అందుకు ఎంచుకున్న పల్లెలు తెలంగాణ, రాయలసీమల వైపువే. 1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైనా, ఆ ప్రసారం ఏడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న శ్రీకాకుళానికి అందే వీలు లేదు. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు మొదలై, 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరి, 1984లో దేశమంతటా తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్లను వరసగా నెలకొల్పిన తరువాతనే, విశాఖపట్నం మీదుగా వచ్చిన బొమ్మ ఈ జిల్లాల్లో చూడదగ్గ స్థితికి చేరింది. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా ఆదివారం ఉదయాల్లో వచ్చిన రామాయణం, ఆ తరువాత 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24 దాకా సాగిన మహాభారతం టీవీని కలిగినవారి ముచ్చట నుంచి వీధి అవసరంగా మార్చాయి. ఒక్క టీవీ ఉన్న ఇంటి వసారాలో వీధి వీధంతా కూర్చునే రోజుల్లో ఆ టీవీ శనివారం రాత్రి పాడైతే మెకానిక్ ఇంటి తలుపు తెల్లవారకముందే మోగేది.

మొదటి తరం మెకానిక్కులు రేడియో మెకానిక్కులే. వాల్వు రేడియోలు, ఆ తరువాత ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసిన చేతులతోనే వాళ్లు టీవీల వెనక మూత విప్పారు. రెండో తరంలో ఐటీఐల్లో రేడియో, టీవీ మెకానిక్ కోర్సు చదివి వచ్చినవాళ్లు కొందరు, పోస్టులో పాఠాలు తెప్పించుకుని నేర్చుకున్నవాళ్లు కొందరు. ఎక్కువమంది మాత్రం పదో తరగతి తప్పి, దుకాణంలో చేరి, మొదటి ఏడాదంతా దుమ్ము దులపడానికీ మూతల స్క్రూలు విప్పడానికీ పరిమితమై, ఆ తరువాత సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న కుర్రాళ్లు. టీవీ దుకాణానికి రాకముందు పనులు కూడా వాళ్లవే. ఇంటి పైకప్పు మీద ఇనుప గొట్టానికో, పొడవాటి వెదురు బొంగుకో అల్యూమినియం కడ్డీల ఏంటెనా కట్టడం అందులో ముఖ్యమైనది. 1920లలో జపానులో యాగి, ఉడా అనే ఇద్దరు ఇంజనీర్లు రూపొందించిన ఆ ఏంటెనా ఒక దిక్కు నుంచి వచ్చే తరంగాన్నే గట్టిగా పట్టుకుంటుంది కనుక, పైన ఒకరు దాన్ని విశాఖ వైపు తిప్పుతుంటే కింద ఒకరు తెర చూస్తూ కేకలు వేయాల్సి వచ్చేది. విశాఖకు యాభై అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయనగరంలో ఇది కొంత సులువు. వంద కిలోమీటర్లు దాటిన శ్రీకాకుళంలోనూ, ఇంకా ఉత్తరాన ఉన్న ఊళ్లలోనూ సంకేతాన్ని పెంచే బూస్టర్ అనే చిన్న పెట్టె లేనిదే తెర మీద చీమలు తప్ప మరేమీ కనిపించేవి కావు.

ఇక కరెంటు సంగతి. ఇంటికి అందవలసినది 230 వోల్టులు. తీగకు కొంత నిరోధం ఉంటుంది కనుక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం పెరిగేకొద్దీ, ఆ తీగ మీద వాడకం పెరిగేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. వంశధార కాలువ కింద శివారు భూములకు నీరు ఎంత అందుతుందో, లైను చివరి ఇళ్లకు కరెంటు అంతే అందేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ట్యూబులైటు వెలగక మినుకుమినుకుమంటూ, మామూలు బల్బులో తీగ ఎర్రగా లెక్కపెట్టడానికి వీలుగా కనిపించే ఊళ్లు ఈ రెండు జిల్లాల్లో చాలానే ఉండేవి. ఆ కాలపు టీవీల్లో, ముఖ్యంగా నలుపు తెలుపు సెట్లలో, వోల్టేజి తగ్గితే బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయి చుట్టూ నల్లని అంచు మిగిలేది. అందుకే టీవీ కొన్న ప్రతి ఇల్లూ దానితోపాటు స్టెబిలైజర్ కూడా కొనేది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోని వేర్వేరు చోట్ల నుంచి వోల్టేజి తీసుకుంటూ, లైనులో తగ్గినప్పుడు పెంచి, పెరిగినప్పుడు తగ్గించి ఇచ్చే ఆ పెట్టెలో మార్పు చేసేది రిలే అనే విద్యుదయస్కాంతపు మీట. రాత్రంతా అది టక్కు టక్కుమంటూనే ఉండేది.

టీవీని కాపాడడానికి కొన్న ఆ స్టెబిలైజరే కొన్నిసార్లు దాన్ని చంపేది. తక్కువ వోల్టేజి వేళ పెంచే స్థితిలో ఉన్న రిలే అంచులు మాడి అతుక్కుపోతే, రాత్రి పదకొండుకు ఊరు నిద్రపోయి లైనులో వోల్టేజి మామూలుకు వచ్చినప్పుడు కూడా ఆ పెట్టె పెంచుతూనే ఉంటుంది. అప్పుడు టీవీకి అందేది 230 కాదు, మూడు వందలకు దగ్గరగా. అంతకన్నా ప్రమాదకరమైనది స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగడం. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ పోతే ఒక ఇంటికి అందవలసిన వోల్టేజి మరో ఇంటి వాడకం మీద ఆధారపడి, తక్కువ వాడేవారి ఇంట్లోకి నాలుగు వందల దాకా చొరబడవచ్చు. గాలివాన మర్నాడు ఒకే వీధి నుంచి నాలుగు టీవీలు వస్తే, వాటి మూతలు విప్పకముందే మెకానిక్‌కు తెగినదేమిటో తెలిసిపోయేది. విద్యుత్ శాఖ లైన్‌మన్‌కు ఆ కబురు మెకానిక్ దుకాణం నుంచే అందిన రోజులున్నాయి.

చచ్చిన సెట్టు దుకాణానికి వచ్చే తీరులో ఒక పద్ధతి ఉండేది. పాత దుప్పటిలో చుట్టి, రిక్షాలో తెర వైపు మెత్తగా ఆనేలా పడుకోబెట్టి, పక్కన ఇంటి పెద్ద కొడుకు పట్టుకుని కూర్చుంటే, ఇంటి ఇల్లాలు వెనక నడిచి వచ్చేది. పల్లెల నుంచయితే బస్సు టాపు మీద వచ్చేవి. “నిన్న సందకాడ టప్పుమన్నాది, మరి ఎలగనేదు బావూ, ఏటయినాదో సూడు” అన్న ఒక్క మాటలో పని తెలిసిన మెకానిక్‌కు కావలసిన సమాచారం సగం ఉంటుంది. టప్పుమన్న చప్పుడు వచ్చిందంటే ఏదో పేలింది. చప్పుడు లేకుండా ఆగిందంటే ఏదో తెగింది. ఆగే ముందు బొమ్మ ముడుచుకుందా, మధ్యలో తెల్లని చుక్క మిగిలిందా, వాసన వచ్చిందా, అప్పుడు కరెంటు పోయి వచ్చిందా, ఉరుము ఉరిమిందా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకునేవారు. ఈ ప్రశ్నలు మర్యాదకు అడిగేవి కావు, వైద్యుడు నాడి పట్టే ముందు అడిగేటంత అవసరమైనవి. మంచి మెకానిక్‌ను చెడ్డ మెకానిక్ నుంచి వేరు చేసినది చేతి నైపుణ్యం కన్నా ఈ విచారణేనని అనుకోవడానికి ఆధారం ఉంది. ఎందుకంటే అడగనివాడు సామాన్లు మారుస్తూ పోతాడు, అడిగినవాడు ఒక్కటే మారుస్తాడు.

ఇంటికి పిలిచినప్పుడు మూత విప్పకుండానే పని ముగిసిన సందర్భాలూ తక్కువేమీ కావు. ప్లగ్గు వదులై ఉండడం, సాకెట్టులో కరెంటు లేకపోవడం, స్టెబిలైజర్ ఫ్యూజు పోవడం, తీగను ఎలుక కొరకడం, పిల్లలు వెలుతురు మీటను పూర్తిగా తగ్గించేయడం వంటివి చూసి, మెకానిక్ రెండు నిమిషాల్లో టీవీ వెలిగించి, కూలి అడగాలా వద్దా అని తటపటాయించేవాడు. ఇంటివాళ్లు సాధారణంగా టీ ఇచ్చి పంపేవారు.

మూత విప్పాక పని వరస తప్పకుండా సాగేది. మొదట దుమ్ము దులపాలి, ఆ తరువాత చూపు ఫ్యూజు మీద పడాలి. గాజు గొట్టంలో సన్నని తీగ ఉండే ఆ ఫ్యూజు ఎలా పోయిందో చూస్తేనే చాలా తెలుస్తుంది: తీగ నడుమ చిన్నగా తెగి గాజు తేటగా ఉంటే అది వయసు మీరిన ఫ్యూజు, గాజు లోపల నల్లగా, వెండి పూత పూసినట్టు మసకబారి ఉంటే లోపల ఎక్కడో తీగలు నేరుగా కలిసిపోయాయని, అంటే షార్ట్ అయిందని అర్థం. రెండో రకంలో కొత్త ఫ్యూజు వేసి స్విచ్ నొక్కినవాడికి మరో నల్లటి ఫ్యూజు మాత్రమే దక్కుతుంది. అందుకే తెలిసినవారు ఫ్యూజు తరువాత ఉండే నాలుగు డయోడ్లను, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్కలను, మీటరు ముళ్లతో ఒక్కొక్కటే రెండు వైపుల నుంచీ చూసేవారు. ఒకవైపే సూచిక కదిలితే డయోడు మంచిది, రెండు వైపులా కదిలితే షార్ట్, ఏ వైపూ కదలకపోతే తెగిపోయినది.

ఆ డయోడ్లు ఇంటి కరెంటును ఒకే దిశలో నడిచే కరెంటుగా మార్చి ఒక లావుపాటి గొట్టంలాంటి కండెన్సర్‌కు అందిస్తాయి. విద్యుత్తును కొంతసేపు నిలవ ఉంచి ఎగుడుదిగుళ్లను సరిచేసే ఆ భాగం మీద 230 వోల్టుల ఇంటి కరెంటు ఇంచుమించు మూడు వందల వోల్టులుగా నిలబడుతుంది. ఫ్యూజు బాగానే ఉండి, ఈ మూడు వందల వోల్టులూ ఉండి, అయినా టీవీ వెలగలేదంటే తప్పు ఆ తరువాతి భాగంలో ఉందని తేలుతుంది. పై చూపుకు నెమ్మదిగా కనిపించే ఇలాంటి సెట్టే అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే నిలవ ఉన్న విద్యుత్తును వాడుకునే దిక్కు లేక, ప్లగ్గు పీకేసిన తరువాత కూడా అది కండెన్సర్‌లో అలాగే ఉండిపోయి, చేయి తగిలినవారిని విసిరికొడుతుంది. అనుభవజ్ఞులు ముందుగా ఒక రెసిస్టరు పట్టి ఆ విద్యుత్తును దింపేసేవారు. కుర్రాళ్లు స్క్రూడ్రైవరుతో కండెన్సర్ రెండు కాళ్లనూ కలిపి పెద్ద చప్పుడు చేసేవారు. పైగా చాలా రంగుల సెట్లలో ఇంటి కరెంటు నేరుగా లోపలి పలక దాకా వచ్చేది కనుక, కాళ్ల కింద చెక్క పలకో, రబ్బరు చెప్పులో లేకుండా ఎవరూ పనికి కూర్చునేవారు కారు.

ఈ పనిలో అన్నిటికన్నా తెలివైన సాధనం మీటరు కాదు, సీరీస్ బల్బు. చెక్కపలక మీద ఒక హోల్డరు, ఒక సాకెట్టు బిగించి, వంద వాట్ల బల్బు గుండానే కరెంటు టీవీకి వెళ్లేలా చేసిన ఈ ఏర్పాటు ప్రతి దుకాణంలోనూ ఉండేది. టీవీ లోపల షార్ట్ ఉంటే ఫ్యూజు పేలడానికి బదులు బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటుంది. లోపలి తీగలు ఎక్కడో తెగి ఉంటే బల్బు అసలు వెలగదు. బాగుపడ్డ సెట్టయితే స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం ధగ్గున మెరిసి వెంటనే మందగిస్తుంది. ఆ మెరుపుకు కారణం రంగుల ట్యూబుకు పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగచుట్ట మొదటి క్షణంలో ఎక్కువ కరెంటు లాగడం, ఖాళీగా ఉన్న కండెన్సర్ నిండడం. కొన్ని రూపాయల బల్బు మూడు రకాల సమాధానాలు ఇచ్చి, వందలు పోసి కొన్న ట్రాన్సిస్టర్‌ను కాల్చకుండా కాపాడేది.

రంగుల టీవీల్లో ఈ మూడు వందల వోల్టులను సెకనుకు వేలసార్లు తెంపి కలిపి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా టీవీకి కావలసిన వేర్వేరు వోల్టేజీలుగా మార్చే భాగాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. అది నడక మొదలుపెట్టడానికి తొలి తోపు ఇచ్చే రెసిస్టరు తెగిపోవడం, లేదా దాని పక్కనే వేడికి ఏళ్ల తరబడి ఉడికి లోపలి రసం ఎండిపోయిన చిన్న కండెన్సర్ పనిచేయకపోవడం చచ్చిన సెట్లలో చాలా తరచుగా కనిపించేవి. రెండూ చవకైన సామానులే. అందుకే ఖాతాదారుడికి మెకానిక్ మీద అనుమానం కూడా ఇక్కడే పుట్టేది: ఐదు రూపాయల ముక్క మార్చి అంత కూలి ఎందుకు అడిగాడన్నది ఒక అనుమానం, మంచి సామాను తీసేసి పాతది పెట్టాడేమోనన్నది రెండోది. రెండో పని చేసినవాళ్లు లేకపోలేదు. అందువల్ల టీవీతో వచ్చిన మనిషి బల్ల పక్కన స్టూలు వేసుకుని పని అయ్యేదాకా కదలకుండా కూర్చోవడం ఆచారమైపోయింది. మొదటి అనుమానం మాత్రం న్యాయం కాదు. ఏ ముక్క మార్చాలో తెలుసుకోవడానికి పట్టిన పదేళ్ల ఖరీదు ఆ కూలిలో ఉంది.

విద్యుత్ భాగంలోని ముక్కలు బాగుండి, దాని నుంచి రావలసిన నూటపది వోల్టుల ప్రాంతపు వోల్టేజి రాకపోతే, తరువాతి అనుమానం లైన్ అవుట్‌పుట్ మీదికి వెళ్తుంది. మన దేశపు ఆనాటి టీవీ బొమ్మలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 సార్లు తెర మీద ఎలక్ట్రాన్ కిరణాన్ని అటూ ఇటూ గుంజాలి. ఆ పని చేసే పెద్ద ట్రాన్సిస్టర్, దాని పక్కనే ఉండి రంగుల ట్యూబుకు కావలసిన ఇరవై వేల వోల్టులకు పైబడిన వోల్టేజిని పుట్టించే ఎల్ఓటీ అనే ట్రాన్స్‌ఫార్మర్, ఈ రెండే టీవీలో అత్యధికంగా కష్టపడే భాగాలు. ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే మొత్తం విద్యుత్ భాగమే భయపడి ఆగిపోతుంది. కనుక మెకానిక్ లైన్ అవుట్‌పుట్‌ను విడదీసి, దాని స్థానంలో అరవై వాట్ల బల్బు తగిలించి చూసేవాడు. బల్బు వెలిగి వోల్టేజి సరిగా ఉంటే తప్పు విద్యుత్ భాగంలో లేదని, అవతల ఉందని తేలిపోతుంది. బాగుపడిన టీవీ పని మొదలుపెట్టగానే వినిపించే సన్నని ఈల ఆ 15,625 చప్పుడే. పిల్లలకు అది స్పష్టంగా వినబడేది; నలభై దాటిన మెకానిక్కులకు వినబడక, పక్కనున్న కుర్రాణ్ణి ‘లైన్ వచ్చిందా’ అని అడిగేవారు.

పూర్తిగా చచ్చిన సెట్టు నిజానికి తేలిక కేసు. అది అబద్ధమాడదు; మీటరు పట్టుకున్న ప్రతిసారీ ఒకే మాట చెప్తుంది. ఒక రోజు వెలిగి, ఒక రోజు వెలగక, మెకానిక్ రాగానే చక్కగా పనిచేసి, వెళ్లగానే ఆగిపోయే సెట్టే పెద్ద పరీక్ష. దానికి కారణం చాలాసార్లు డ్రై సోల్డర్, అంటే వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, సీసం అతుకు చుట్టూ కంటికి ఆనని వలయంలా పగుళ్లు పట్టడం. ఎర్రదీపం వెలిగి రిమోటుకు మాత్రం లేవని సెట్లలో చాలా దీని బాధితులే. చెక్క కర్రతో పలక మీద మెల్లగా తడుతూ పోయి, ఏ చోట తట్టినప్పుడు బొమ్మ వణికిందో గుర్తించి, అక్కడ కొత్త సీసం పోసేవారు. ఇంట్లోవాళ్లు టీవీ మీద చరిచి వెలిగించుకోవడం ఇదే చికిత్సకు మొరటు రూపం. దాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు, అది పనిచేసేది.

ఈ తీరానికే ప్రత్యేకమైన రోగాలు కూడా ఉన్నాయి. కళింగపట్నం, బారువ, భావనపాడు, ఇటు కోనాడ, చింతపల్లి వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి ఏంటెనా తీగల చివర్లను పచ్చగా చిలుమెక్కించి, టీవీ లోపలి రాగి దారులను తినేసేది. ట్యూబు పక్కన వేల వోల్టులు చేరే రబ్బరు టోపీ కింద ఉప్పు, తేమ, దుమ్ము కలిసి పేరుకుంటే, విద్యుత్తు ఆ పొర మీదుగా పాకుతూ చీకట్లో ఊదారంగు మెరుపులతో బుసకొట్టేది. వానాకాలంలో అలా ఎల్ఓటీలు పోయేవి. చికిత్స చాలా చిన్నది: విద్యుత్తు దింపి, టోపీ తీసి, స్పిరిటు గుడ్డతో ట్యూబును తుడిచి, ఎండలో ఆరబెట్టి తిరిగి పెట్టడం. ఇక వెచ్చదనం వెతుక్కుంటూ లోపలికి చేరే బల్లులు, బొద్దింకలు, చీమలు అన్ని ఊళ్లకూ సామాన్యమే. ఏదో ముక్క రెండు కాళ్ల మధ్య బల్లి పడి మాడి, టీవీతోపాటు తానూ పోయిన సందర్భాలను అన్ని దుకాణాల్లోనూ ఒకే నవ్వుతో చెప్పుకునేవారు.

విడిభాగాలకు పెద్ద దిక్కు విశాఖపట్నం. అక్కడ దొరకనిది హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచో, మద్రాసు రిచీ స్ట్రీటు నుంచో రావాలి. ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ, సాలిడేర్, డయనోరా, క్రౌన్, ఆ తరువాత ఒనిడా, బీపీఎల్, వీడియోకాన్ ఒక్కొక్కటీ ఒక్కో అమరికతో వచ్చేవి. రైల్లో వెళ్లి రావడానికి ఒక రోజు పోతుంది గనుక, మెకానిక్ వారానికోసారి జాబితా రాసుకుని వెళ్లేవాడు. ఆ వారం పాటు వెనక అల్మారాలో టీవీలు పేరు చీటీలతో వరసగా కూర్చునేవి. ఏ సెట్టులో ఏ భాగం ఎక్కడ ఉందో, ఏ చోట ఎంత వోల్టేజి ఉండాలో చెప్పే సర్క్యూట్ పటాలే ఆ దుకాణాల అసలు ఆస్తి. మడతల దగ్గర చిరిగి, టీ మరకలతో, పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకున్న సొంత గుర్తులతో ఉండే ఆ కాగితాలు దుకాణం మూసిన రోజున పాత సామాన్ల వాడి తూకంలోకి వెళ్లాయి. కథకుడు కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం అనే గ్రంథాలయం వల్ల శ్రీకాకుళంలో తెలుగు కథలు భద్రంగా ఉన్నాయి. అదే పట్టణపు మెకానిక్కులు అంచుల్లో రాసుకున్న రాతలను దాచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సాంకేతిక విద్యకు తెలుగులో పుస్తకాలు లేవని బాధపడేవారు ఆ అంచులను చూసి ఉంటే, పుస్తకాలు ఎక్కడ రాయబడుతున్నాయో తెలిసేది.

ఈ వృత్తి క్షీణించడానికి మూడు మార్పులు దాదాపు ఒకేసారి పనిచేశాయి. తొంభై నుంచి రెండు వందల డెబ్బై వోల్టుల మధ్య ఎంత వచ్చినా సర్దుకుని పనిచేస్తాయని ప్రకటించుకున్న టీవీలు వచ్చి, స్టెబిలైజర్లను అటకెక్కించాయి. విద్యుత్ బోర్డు విడిపోయి, 2000లో విశాఖ కేంద్రంగా తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ ఏర్పడిన తరువాత, పొడవాటి లైన్లకు బదులు దగ్గర దగ్గరగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి వ్యాపించడంతో శివారు ఇళ్లకు కూడా వోల్టేజి నిలకడగా అందసాగింది. మూడోది పలుచని తెరల రాక. మొదటి రెండు మార్పులూ ఊరికి మేలే. చీకట్లో మినుకుమనే ట్యూబులైట్ల కాలం తిరిగి రావాలని మెకానిక్కులు కూడా కోరుకోరు. అయినా లెక్క లెక్కే: టీవీలు చావడం తగ్గింది, దుకాణానికి రావడం తగ్గింది.

తుపానులు మాత్రం ఆ క్రమానికి అడ్డుతగిలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మూడు ఉత్తరాంధ్ర జిల్లాల్లోనూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతం మీదుగా వెళ్లి ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసినప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనూ స్తంభాలు కూలి కరెంటు రోజుల తరబడి లేకుండా పోయింది. తడిసిన టీవీకి ఎండ తప్ప వేరే మందు లేదు. కరెంటు తిరిగి వచ్చిన తొలి గంటల్లో, లైను సరిగ్గా కుదురుకోకముందే స్విచ్ వేసినవాటికి ముప్పు ఎక్కువ. 2014లో పిక్చర్ ట్యూబులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి కనుక పాత మెకానిక్కులకు పని దొరికింది. నాలుగేళ్ల తరువాత వారిలో కొందరికి దుకాణమే లేదు.

అంతకు ముందు నుంచే ఏంటెనాల పని కూడా పోతూ వచ్చింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైన నాటి నుంచి కేబుల్, ఆ పిమ్మట డిష్ విస్తరించి ఇళ్ల మీద ఏంటెనాలను దించేశాయి. దూరదర్శన్ కూడా తన పాత పద్ధతి భూతల ట్రాన్స్‌మిటర్లలో కొద్దింటిని తప్ప 2022 మార్చి నాటికి ఆపేసింది. మెకానిక్కుల్లో కొందరు సెల్‌ఫోన్ల మరమ్మతులోకి, కొందరు కేబుల్ పనిలోకి, ఇన్వర్టర్లు, ఇండక్షన్ పొయ్యిల బోర్డుల పనిలోకి మళ్లారు. మరికొందరు విశాఖకు, హైదరాబాదుకు వలసపోయారు. పాత ట్యూబుల గాజులో సీసం ఉంటుంది కనుక వాటిని ఊరికే పారేయకూడదు. అయినా అవి ఊరి చివర చెత్తలో పగిలి, లోపలి రాగి చుట్ట కోసం వచ్చినవాళ్లు వదిలేసిన గాజుగా మిగిలాయి.

ఇప్పటి పలుచని టీవీ వెలగకపోతే కంపెనీ మనిషి పలకకు పలక మారుస్తాడు. లోపలి ముక్కల జోలికి పోవడానికి అతనికి సమయమూ, పటమూ ఉండవు. ఐతే ఒక రోగం పాత మెకానిక్కుల చేతికి ఇంకా అందుతోంది. శబ్దం వస్తూ తెర నల్లగా ఉన్నప్పుడు టార్చిలైటు తెరకు దగ్గరగా పట్టి చూస్తే బొమ్మ నీడలా కదులుతూ కనిపిస్తే, పాడైనది తెర కాదు, వెనక కాంతినిచ్చే చిన్న ఎల్ఈడీల పట్టీ. అవి ఒకదాని వెనక ఒకటిగా వరసలో ఉంటాయి కనుక ఒక్కటి తెగినా వరసంతా ఆరిపోతుంది. పట్టీ తీసి, ఒక్కొక్క దీపానికీ మూడేసి వోల్టులు తగిలించి చూసి, తెగినదాన్ని పట్టుకుని మార్చగలిగేవాళ్లు పార్వతీపురంలోనూ బొబ్బిలిలోనూ శ్రీకాకుళంలోనూ ఒకరిద్దరు ఉన్నారు. తెర గాజే పగిలితే మాత్రం వాళ్లు కూడా తల అడ్డంగా ఊపుతారు; కొత్త తెర ఖరీదు ఇంచుమించు కొత్త టీవీ ఖరీదే.